చక్రచ్ఛిద్ర వ్యాఖ్యానము

మూలము: “అన్నా, వెనక ఎడమ టైర్ల మేకు దిగింది. పంచర్ ఏయిస్తే అయితదా, కొత్తది ఎయ్యాల్నా? రేపు పొద్దుగాల ట్రాక్ ఉంది.”

అవతారిక: గ్రంథారంభమున ఇష్టదేవతను స్తుతించి విఘ్నములను ముందుగానే తొలగించుకొనుట శిష్టాచారము. ఈ మూలకర్త మంగళశ్లోకము చెప్పక “అన్నా” యను ఆర్తసంబోధనముతోనే ఉపక్రమించుటచే, విఘ్నము గ్రంథమునకు పూర్వమే సంభవించినదని విజ్ఞులు గ్రహింపవలయును. ఇతడు హైదరాబాదు ప్రాంతమువాడగుట భాషచేతనే స్పష్టము. ఆరువందల కిలోమీటర్లకు పైబడిన దారిని తన కారును తానే నడుపుకొనుచు దాటి, మదరాసునకు పడమట శ్రీపెరుంబుదూరు చెంతనున్న ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకు సమీపమున రాత్రికి బస చేసినవాడగుట సందర్భముచే ఊహ్యము. 1990లో తెరువబడిన ఆ ట్రాకు చుట్టు 3.7 కిలోమీటర్లు, మలుపులు 12. పందెము లేని దినములందు రుసుము చెల్లించి, శిరస్త్రాణము ధరించి, ఎవరి కారును వారు తమ నేర్పుకొలది తోలుకొనుటకు అనుమతి లభించు దినమును ట్రాక్ డే యందురు. శ్రీపెరుంబుదూరు భగవద్రామానుజుల జన్మస్థలమగుటచే, అచట పుట్టిన సందేహమునకు పూర్వపక్ష సిద్ధాంతముల రూపముననే సమాధానము చెప్పుట ఉచితమని ఈ టీక ఆరంభింపబడుచున్నది.

టీకకొక నామము కావలయును గదా. మెతుకుసీమలోని కొలిచెలమ వాడగు మల్లినాథసూరి, టైర్లను ఎరుగని కాలమున పుట్టియు, మాఘకావ్య వ్యాఖ్యకు సర్వంకషయనియు, భారవి కావ్య వ్యాఖ్యకు ఘంటాపథమనియు, కాళిదాస కావ్యముల వ్యాఖ్యలకు సంజీవనియనియు పేర్లిడినాడు. ఈ మూడును వరుసగా టైరునకును, దారికిని, పంచరు దుకాణమునకును సరిపోవుచున్నవి. మాకు క్రొత్త పేరు మిగులలేదు.

“వెనక ఎడమ” యనునది వ్యర్థవిశేషణము కాదు. గడియారపు ముల్లు తిరుగు దిక్కున తిరుగు ట్రాకులందు కుడి మలుపులే అధికములగుటచే, కారు బరువు ఎడమకు ఒరగి, ఎడమ వైపు టైర్లే మిక్కిలి శ్రమపడును. అందును ముందు టైరు పట్టు తప్పినచో కారు మలుపునకు లొంగక తిన్నగా పోవజూచును. వెనుక టైరు పట్టు తప్పినచో తోక ముందునకు వచ్చును. తిన్నగా పోవు కారులో భయపడుటకైనను కొంత వ్యవధి దొరకును. తోక తిరిగిన కారునకు ఆ మర్యాదయు లేదు.

“మేకు దిగింది” అన్నాడే కాని “పీకితిని” అనలేదు. ఇది మిక్కిలి ప్రశంసనీయము. మేకు తాను చేసిన రంధ్రమును తానే కొంతవరకు మూసియుంచును. ఉత్సాహముచే పీకినవానికి రంధ్రమొక్కటే మిగులును. అయితే అది ఎచట దిగినదో మూలకర్త చెప్పకుండుట గ్రంథమునందలి పెద్ద లోపము. నేలను తాకు భాగపు నడిమి పట్టీలో దిగినదా, భుజమువంటి అంచున దిగినదా, పక్కగోడలో దిగినదా యనుదానిపై సర్వార్థమును ఆధారపడియున్నది. నడిమి పట్టీ క్రింద ఉక్కుతీగల పొరలుండి దానిని బిగించి పట్టును. పక్కగోడకు అట్టి పొరలు లేవు. అది చక్రము తిరిగినప్పుడెల్ల వంగి లేచుచుండును, అతుకును నిలువనీయదు. కావున నడిమి పట్టీలో, 6 మిల్లీమీటర్లకు మించని రంధ్రమునకు మాత్రమే, అదియు టైరును రిమ్ము నుండి ఊడదీసి లోపల పరీక్షించిన పిమ్మటనే మరమ్మతు చేయవలెనని ఈ శాస్త్రపు మర్యాద. ఊడదీయుట యెందులకనగా, గాలి తగ్గిన టైరుపై కొంతదూరము నడిచినచో లోపలి గోడ తనలో తానే ఒరసికొని నల్లని పొడి రాలును. ఆ పొడి కనబడినదా, ఇక టీక అక్కరలేదు. ఆ టైరునకు బయట ఎంత చక్కని రూపమున్నను లోపల ఆయువు తీరినది.

ఇక “పంచర్ ఏయిస్తే”. లోకమున అందరకును ఈ మాటపై గల అపారవిశ్వాసమునకు మూలము వెదకవలసియున్నది. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడైన డన్లపు దొర గాలిచక్రమునకు పేటెంటు పొందినది మొదలుకొని చిరకాలము టైరు వేరు, ట్యూబు వేరు. ఇది ద్వైతము. గాలిని మోయు భారము ట్యూబుది, దెబ్బలు తిను భారము టైరుది. మేకు గ్రుచ్చుకొన్నచో ట్యూబును బయటకు లాగి, నీటితొట్టిలో ముంచి, బుడగ వచ్చుచోట అతుకు వేసిరి. టైరు మాట ఎవ్వరును తలపలేదు. తాతల నాటి సైకిలుతో మనకు అబ్బిన విద్య ఇదియే. ట్యూబులెస్ టైరు వచ్చుటతో ఈ ద్వైతము చెడినది. ఇందు గాలి శరీరి, టైరే శరీరము; నడుమ మూడవ తత్త్వము లేదు. శరీరమునకు తగిలిన గాయము, గాలి నిలిచినంత మాత్రమున మానదు. మనమో, మతము మారినను, పాత మంత్రమునే జపించుచున్నాము.

పంచరు వేయుటయు ద్వివిధము. బయటి నుండియే ఆకురాయివంటి పళ్లుగల సూదితో రంధ్రమును గీకి, జిగురు పూసిన పురిని దూర్చి, మిగిలిన కొసను కోసివేయుట మొదటిది. అయిదు నిమిషముల పని, కారు దిగనక్కరలేదు. ఆ సూది రంధ్రమును శుభ్రపరచుచు పక్కనున్న ఉక్కుతీగలను కూడ శుభ్రముగా తెంచునని మాత్రము ఎవరును చెప్పరు. టైరును ఊడదీసి, లోపలి పొరను రుద్ది, గొడుగు ఆకారపు మష్రూమ్ ప్యాచిని కాడతో సహా అంటించుట రెండవది. దీని కాడ రంధ్రమును నింపి తేమను లోనికి రానీయదు, గొడుగు గాలిని నిలుపును. ఈ రెండింటికిని గల భేదమును మూలకర్త విచారింపలేదు. దుకాణదారుడును సాధారణముగా విచారింపనీయడు.

పూర్వపక్షము: “పురి పెట్టిన టైర్లతో లక్షల బండ్లు ఏండ్ల తరబడి నడుచుచున్నవి, నా మేనమామ కారు తిరుపతికి పోయి వచ్చినది, కావున అయితది” అని. ఈ వాదమున అసత్యము లేదు, అతివ్యాప్తి మాత్రమే కలదు. “అయితదా” యను క్రియకు “దేనికి” అను ఆకాంక్ష తీరవలెను గదా. తిరుపతికైనచో అగును.

ట్రాకునకైనచో లెక్క చూడుడు. నేరుదారిపై కారు గంటకు 180 కిలోమీటర్ల వేగమును అందుకొన్నదనుకొందము. 30 సెంటీమీటర్ల వ్యాసార్ధము గల ఆ చక్రము సెకనుకు ఇరువదియారు మార్లకు పైగా తిరుగును. దాని అంచుననున్న ప్రతి వస్తువును భూమ్యాకర్షణకు సుమారు 850 రెట్ల బలముతో వెలుపలికి విసరివేయబడజూచును. గ్రాము బరువు గల పురి ముక్క అప్పుడు ముప్పాతిక కిలోకు మించిన బరువుతో తన రంధ్రము నుండి వెలికి గుంజుకొనుచుండును. లోపలి ప్యాచికి ఈ బలమే అనుకూలము, ఏలయనగా అది టైరునకే అదుమబడును. ఇందుచేత రెండవ పద్ధతి మేలు. కాని తెగిన తీగ తెగినదే. దీనికి వేడి తోడగును: ఉదయము 30 డిగ్రీలయందు 28 పౌండ్లుగా ఉన్న గాలి, టైరు 80 డిగ్రీలకు కాగగానే 35కు చేరును, రబ్బరు మెత్తబడును, ప్రతి మలుపునందును పట్టీ పక్కకు మెలిపడి, అతుకు ఒకవైపునకును టైరు మరొకవైపునకును లాగుకొనును. పక్కగోడపై V అనియున్న 240 కిలోమీటర్లకును, W అనియున్న 270కిని హామీ కలదు. అది తయారైననాటి అక్షతశరీరమునకు ఇచ్చిన హామీ. మరమ్మతు తరువాత ఆ అక్షరమును లెక్కింపరాదని చెప్పు తయారీదారులు కలరు. కావున ప్యాచి వేసిన టైరు ఇంటికి పోవుటకు యోగ్యము, ట్రాకునకు అయోగ్యము, ఇది సిద్ధాంతము. “నెమ్మదిగా తోలెదను” అను ఉపపక్షము నిలువదు. నెమ్మదిగా తోలువాడు రుసుము చెల్లించి ఇంతదూరము రానేల?

“కొత్తది” యను ఏకవచనమును గూర్చి ప్రాచీనులు మౌనము వహించినను మేము వహింపజాలము. ఒకే ఇరుసుపై ఒక ప్రక్క క్రొత్త టైరు, మరొక ప్రక్క సగమరిగినది ఉన్నచో రెంటి చుట్టుకొలతలు వేరగును. అది ఇంజను బలము అందు ఇరుసైనచో, తిన్నని దారిలో సైతము డిఫరెన్షియలునకు విశ్రాంతి యుండదు. అంతకన్న విచిత్రమేమనగా, పొడినేలపై అరిగిన టైరే స్థిరముగా పట్టును. క్రొత్తదాని ఎత్తైన రబ్బరు దిమ్మలు వేడెక్కి ఒరగుచుండును. అటుపై ఎన్నో మార్లు కాగి చల్లారిన పాత రబ్బరు గట్టిపడియుండును. అందుచేత కారు ఎడమకు ఒక తీరున, కుడికి మరొక తీరున మలుగును. చేయదగినది ఇది: జత అప్పుడే క్రొత్తదైనచో ఒకటి కొని సరిపెట్టవచ్చును, గాడి సగమునకు మించి అరిగినచో రెండును మార్చి, గాయపడని పాతదానిని డిక్కీలో స్టెప్నీగా ఉంచుకొనవలెను, 1.6 మిల్లీమీటర్ల చట్టపు హద్దును సమీపించినచో మేకు చేసినది ఉపకారమే. గాడిని కొలుచునపుడే పక్కగోడపై నాలుగంకెల ముద్రను కూడ చదువవలెను. 2319 యనగా 2019లో 23వ వారమున పుట్టినదని. క్రొత్తదని అమ్మిన టైరు జాతకము కొన్నిమార్లు కొనుగోలుదారుని పెండ్లికి ముందుదై తేలును.

“రేపు పొద్దుగాల” యనుటలోనే ప్రశ్నకు నిజమైన కారణము దాగియున్నది. రాత్రివేళ ఆ హైవే ప్రక్క దుకాణములలో లారీ టైర్లు దొరకును, మామూలు కార్ల టైర్లును దొరకును. మన కవి వాడు మెత్తని ట్రాకు రబ్బరు, ఆ కొలతలో, తెల్లవారులోగా దొరకుట దుర్లభము. చెల్లించిన రుసుము తిరిగి రాదు. సెలవు పెట్టినది వృథా. ఈ రెండే పూర్వపక్షికి అసలు ప్రమాణములు. తిరుపతి వృత్తాంతము పైపూత. మా అభిప్రాయమడిగినచో, ఇంటియొద్ద మూల పడియున్న కంపెనీ టైర్ల సెట్టును తెచ్చుకొననివాడు మరునాడు మిత్రుని కారులో ప్రక్క సీటున కూర్చుండి, బ్రేకు ఎచట పట్టుచున్నాడో చూచి నేర్చుకొనుట మేలు.

పాఠాంతరము: కొన్ని ప్రతులలో “కొత్తవి ఎయ్యాల్నా” అని బహువచనము కానవచ్చుచున్నది. ఇది టైర్ల దుకాణమువారి ప్రక్షిప్తమని కొందరు శంకించిరి. లేఖకుని ప్రయోజనము తెలిసినదే అయినను, వెనుక ఇరుసు విషయమున అర్థము కుదురుటచే ఈ పాఠమునే గ్రహించితిమి. నాలుగింటికి అన్వయించువారిని మాత్రము ఖండించుచున్నాము.