బాస్ పరీక్షా పద్యము: టీకా తాత్పర్య విశేష సహితము

అవతారిక

కాలిఫోర్నియా రాష్ట్రమందలి ఫుల్లర్టన్ పట్టణమున రేడియోలు బాగుచేయుటతో వృత్తి నారంభించి, గిటారు వాయించుట మాత్రము కడదాక నేర్వని లియో ఫెండర్ అను నాతడు, 1951వ సంవత్సరము తుదిలో ప్రెసిషన్ బాస్ అను బాస్ గిటారును, 1960లో జాజ్ బాస్‌ను అంగడికి పంపి, 1965 జనవరిలో తన కర్మాగారమును ఒక కోటి ముప్పది లక్షల డాలర్లకు సి.బి.ఎస్. సంస్థకు విక్రయించి తప్పుకొనగా, ఆ విక్రయమునకు పూర్వము పుట్టిన వాద్యములకు ప్రామాణ్యమును, తరువాత పుట్టినవానికి అనుమానమును లోకము పంచిపెట్టినది. నాడు మూడువందల డాలర్లకు అటునిటుగా దొరకిన కొయ్య నేడు పదివేలకు పైబడి పలుకుచుండగా, పాతదానిని సంపాదించుటకంటె క్రొత్తదానిని పాతపరచుట సులభమని గ్రహించిన బుద్ధిమంతులు బయలుదేరుట వింత కాదు. కావున కొనబోవువానికి ఒక లక్షణగ్రంథ మావశ్యకమైనది. అట్టి గ్రంథము మన వాఙ్మయమున కానరామిచే, మూలము లేనిదే టీక నిలువదను న్యాయము ననుసరించి, టీకాకర్తయే ముందుగా ఒక ఆటవెలదిని కట్టి, పిదప అది తనకే బోధపడనట్లు నటించుచు వ్యాఖ్యానించుచున్నాడు. ఇది అపూర్వమేమియు గాదు. వెనుకటి వ్యాఖ్యాతలలో కొందరు చేసియుందురు, ఒప్పుకొనియుండరు.

మూలము

మరలు విప్పి చూడు మడమపై తేదిని
అంకె చదువు మీట యడుగునందు
రంగు పూత నల్లరశ్మిలో నరయుము
పైక మీయవచ్చు పదిలముగను

టీక

మరలు = మెడను మొండెమునకు బిగించు నాలుగు స్క్రూలను; విప్పి = జాగ్రత్తగా ఊడదీసి; మడమపై = మెడ యొక్క తుదికొస, ఏది మొండెమందలి గుంటలో కూర్చుండి బయటివారికి కానరాదో, దానిమీద; తేదిని = కర్మాగారమువారు వేసిన కాలచిహ్నమును; చూడు = అవలోకింపుము; మీట యడుగునందు = శబ్దమును హెచ్చించి తగ్గించుటకై చేతితో త్రిప్పు నాబ్ క్రింద దాగియుండు పాట్ అను లోహపు డబ్బీ మేన; అంకె = సంకేతసంఖ్యను; చదువు = అర్థము చేసికొనుము; రంగు పూత = మొండెముపైనున్న లక్కపూతను; నల్లరశ్మిలో = అతినీలలోహిత దీపపు వెలుగున; అరయుము = పరికింపుము; పైకము = ధనమును; పదిలముగను = భయము లేకుండ; ఈయవచ్చు = సమర్పింపవచ్చును.

‘తేదిని’ అని మొదటి పాదము ముగిసి ‘అంకె’ యని రెండవ పాదము మొదలగుచోట సంధి కుదుర్చకపోవుటను లాక్షణికులు దోషమందురు. దోషము కాదు. మడమపైని తేదిని చూచినవాడు, నమ్మినను నమ్మకున్నను, క్షణకాలము నోట మాట రాక నిలిచిపోవును గనుక, ఆ నిలుపుదలయే ఇచట విసంధిగా పరిణమించినదని సహృదయులు గ్రహింతురుగాక.

తాత్పర్యము

విప్పక కొనవద్దని.

విశేషములు

అమ్మజూపువాడు మొట్టమొదట చూపునది వాద్యపు వీపున, మెడ కలియుచోట, లోహపు పలకపై గ్రుద్దిన క్రమసంఖ్య. పద్యకర్త దాని పేరైన నెత్తలేదు. అల్పజ్ఞులు దీనిని మరపు అనుకొందురు, ఇది తిరస్కారము. ఏలయన, ఆ పలకలు ముందుగానే అంకెలు గ్రుద్దబడి డబ్బాలో రాశిగా పడియుండెడివి. బిగించు పనివాడు చేతికందినదానిని తీసి బిగించెడివాడు. వరుసను గూర్చి అతనికి చింత లేదు, ఉండుటకు కారణమును లేదు. అందుచే ముందు పుట్టిన వాద్యమునకు పెద్ద సంఖ్యయు, వెనుక పుట్టినదానికి చిన్న సంఖ్యయు తగులుట ఆ కర్మాగారమున నిత్యకృత్యము. అదియునుగాక, ఆ పలక నాలుగు మరలతో వచ్చునది, నాలుగు మరలతోనే పోవునది. దానిని చూపి వయస్సు రుజువు చేయబూనుట, అద్దెకు తెచ్చిన చొక్కాజేబులోని చీటిని చూపి తన పేరు చెప్పుటవంటిది.

మడమ విషయము అట్లు గాదు. 1962 తొలినెలల వరకు మడమపై పెన్సిలుతో తేది వ్రాసెడివారు. 1950ల నాటి మెడలపై ‘టి.జి.’ అను పొడి అక్షరములు కానవచ్చిన, అవి టాడియో గోమెజ్ అను పనివాని సంతకమని ఎరిగినవారు కన్నుల కద్దుకొందురు. పిమ్మట రబ్బరు ముద్ర వచ్చినది. ఈ ముద్రయందే పెక్కురు బోల్తాపడుచున్నారు. ‘7 ఫెబ్ 63 ఎ’ అని యున్నదనుకొందము. ఆ వాద్యము ఫిబ్రవరి ఏడవనాడు జన్మించినదని ఏటేట పండుగ చేయువారున్నను ఉందురుగాని, ఆ ఏడు దినము కాదు. జాజ్ బాస్ మెడకు కర్మాగారమువారు పెట్టుకొన్న గుర్తు. ప్రెసిషన్ బాస్ మెడకైన అదే స్థానమున ఐదు ఉండును. తుదినున్న ‘ఎ’ తంతులు పైకొసన ఆనుచోట మెడ వెడల్పు అంగుళమున్నర యని తెలుపును. ప్రెసిషన్‌కు వాడుకయైన ‘సి’ ఒకటిముప్పాతిక అంగుళమును తెలుపును. ముద్రలో ‘ఎ’ యుండి కొలబద్ద ఒకటిముప్పాతిక చూపెనా, ఆ ముద్రను తయారుచేసినవాడు అక్షరములు కాపీకొట్టెను గాని అర్థము నేర్వలేదన్నమాట.

మరియు ఆ తేది మెడది మాత్రమే. మెడ సిద్ధమై అలమరలో కొన్ని వారములు, ఒక్కొకప్పుడు నెలలు, మొండెము కొరకు వేచియుండుట కలదు. కొన్ని మడమలపై తేదియే వేయలేదు. కాబట్టి తేది లేకపోవుట నేరము కాదు. తేది ఉండుట నిర్దోషిత్వమునకు తుదిసాక్ష్యమును గాదు.

ఇక రెండవ పాదము. డబ్బీ మేన ‘1376633’ అని యున్నయెడల, మొదటి మూడంకెలు తయారుచేసిన కంపెనీకి గుర్తు: 137 అనగా సి.టి.ఎస్., 304 అనగా స్టాక్‌పోల్. తరువాతి రెండు సంవత్సరము, తుది రెండు వారము. అనగా ఈ డబ్బీ 1966వ సంవత్సరమున ముప్పదిమూడవ వారమున సి.టి.ఎస్. వారి కర్మాగారము విడిచినది. 1950లలో సంవత్సరమునకు ఒక్క అంకెయే వేసెడివారు గనుక సంఖ్య ఆరంకెలతో ముగియును. తుది రెండంకెలు యాబదిమూడు దాటెనేని, అట్టి వారము ఏ పంచాంగమునను లేదు గనుక, మరలను తిరిగి బిగించి నమస్కారము చేసి లేచి రావలెను.

ఈ అంకె చెప్పున దొక్కటే: వాద్యము ఇంతకంటె పాతది కాజాలదని. ఇంతకంటె క్రొత్తది కావచ్చును, ఎంతయైనను. 1966లో సి.బి.ఎస్. వారు ఈ డబ్బీలను ఎంత విరివిగా కొని నిలువచేసిరనగా, 1969 దాపునాటి వాద్యములలో గూడ ఆ యేటి అంకెయే కనబడును. డబ్బీపై 1966 చూచి వాద్యము 1966నాటిదని చెల్లించువాడు మూడేండ్ల వయస్సునకు అదనముగా వెల పెట్టుచుండవచ్చును.

అంకెకంటె ముఖ్యము దాని చుట్టునున్న టంకము. అరువదేండ్లు కదలని టంకము మెరుగు తగ్గి, బూడిదవన్నె తిరిగి, దుమ్ము పట్టి యుండును. దానిలోనికి పోవు తీగలకు ప్లాస్టిక్ తొడుగు కాక నూలుబట్ట తొడుగుండును. మెరయుచున్న టంకము కనబడినచో ఎవరో తెరచిరి. తెరచుట పాపము కాదు, ఏల తెరచితిరని అడుగవలెను. తొలినాటి జాజ్ బాస్‌లకు ఒకదానిపై నొకటి నిలిచిన జంటమీటలు రెండుండెడివి; మూడు విడిమీటలు 1962 ప్రాంతమున వచ్చినవి. 1960 నాటిదని చెప్పి మూడు మీటలు చూపువానిని ఎంత మర్యాదగా నవ్విన అంత మంచిది.

మూడవ పాదము పద్యమునకు ప్రాణము. ఆ కాలపు నైట్రోసెల్యులోజ్ లక్క వయస్సు మీరినకొలది నల్లదీపపు వెలుగున పసుపును ఆకుపచ్చయు కలిసిన కాంతితో మెరయును. పైన నిన్న మొన్న పూసిన పూత అట్లు మెరయక నల్లమచ్చగా నిలిచిపోవును. దీపము లేనివానికి కంటితోనే దొరకు సాక్ష్యమొకటి కలదు. 1964 వరకు ఫుల్లర్టన్‌లో మొండెమునకు రంగు కొట్టుటకు ముందు దానికి చిన్నమేకులు దిగగొట్టి, ఆ మేకులే కాళ్లుగా బల్లపై నిలిపి ఆరబెట్టెడివారు, ఆరినపిదప పెరికివేసెడివారు. తంతులక్రింది ప్లాస్టిక్ పలకను ఎత్తి చూచిన, ఆ మేకు వదలిన రంధ్రము సూదిమొనంత కనబడును. రంధ్రపు లోగోడలు పచ్చికొయ్యగా, రంగంటక యుండెనా, ఆ రంగు మేకు ఉన్ననాటిదే. రంధ్రములోనికి రంగు దిగియుండెనా, మేకు పోయిన తరువాత ఎవరో రంగు కొట్టిరి. రంధ్రమే లేదా, ఎవరో పూడ్చిరి, లేదా ఆ మొండెము ఆ కాలపుది కాదు. రంగు మారిన వాద్యపు వెల సుమారు సగమునకు దిగునని వర్తకుల లెక్క గనుక, ఆ సూదిబెజ్జము విలువ వేల డాలర్లు.

ఇచట ఒక మెలిక. ఎక్కువ వెల యిచ్చినవారికి ఫెండర్ కంపెనీ మోటారుకార్ల రంగులు పూసి యిచ్చెడిది. ఫియెస్టా రెడ్ ఫోర్డు వారిది, లేక్ ప్లాసిడ్ బ్లూ కాడిలాక్ వారిది. ఇట్టి వాద్యములు అరుదు గనుక, నడుమ లేతగా అంచుల ముదురుగా నుండు మామూలు సన్‌బర్స్ట్ మొండెమునకు ఎర్రరంగు కొట్టి అమ్మువారు పుట్టిరి. ఎర్రపూత గీరుకుపోయినచోట క్రింద సన్‌బర్స్ట్ కనబడినచో మోసము తేలినదని సంతసింపబోకుడు. కర్మాగారమువారే అప్పుడప్పుడు సిద్ధముగానున్న సన్‌బర్స్ట్ మొండెముపైననే అడిగిన రంగు కొట్టి పంపెడివారు. మేకురంధ్రమే మరల తీర్పరి.

దీనినిబట్టి టీకాకర్తకు తోచినది చెప్పవలసియున్నది. ఆ కర్మాగారము దేవాలయము కాదు. వారము తుదికి జీతములు ఇయ్యవలసిన పనిశాల. పలకలు వరుస తప్పును, మెడలు వేచియుండును, డబ్బీలు మిగిలిపోవును, ఒక రంగుపై వేరొక రంగు పడును. పరిశ్రమించి అన్నింటిని ఒకే నెలకు, ఒకే వారమునకు సరిపోల్చి కూర్చువాడు నకిలీకారుడు. మెడ మే నెల, డబ్బీ మే నెల, పలక మే నెల అని చూపినచోట కొంత జంకవలెను. మెడ మే, డబ్బీ క్రిందటి అక్టోబరు, పలకసంఖ్య ఎటో అన్నచోట కుర్చీ దగ్గరకు జరుపుకొనవలెను. అట్లని ప్రతి తికమకయు సత్యలక్షణమే యని అమ్మువాడు ఈ వాక్యమును పట్టుకొని వాదించిన, టీకాకర్త బాధ్యుడు కాడు.

పూర్వపక్షము: సర్వాంగములు స్వకీయములైన వాద్యమే ప్రామాణికమనియు, ఒక్క మర మారినను ప్రక్షిప్తమనియు కొందరి మతము. ఇది గ్రంథపరిష్కర్తల వ్యసనము వాద్యములకు పట్టుట. బాస్ విద్వాంసుడు జాకో పాస్టోరియస్ వాయించిన 1962నాటి జాజ్ బాస్‌కు ఫ్రెట్లు, అనగా మెడకు అడ్డముగా దిగగొట్టు లోహపు కమ్ములు, లేవు. మెడపై పడవలకు పూయు ఎపాక్సీ పట్టించియున్నది. ఈ మతమున అది పాడైన వస్తువు. అది 1986లో న్యూయార్కున దొంగిలింపబడి, పెక్కేండ్లకు బయటపడి, మెటాలికా బృందపు బాసిస్టు రాబర్ట్ ట్రుజిలో పూనికతో గట్టెక్కినది. దానికి క్రొత్త ఫ్రెట్లు దిగగొట్టి ‘సరిచేయ’ దలచువాడెవడైన ఉండునా?

మరియొక యుదాహరణము. బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గున కొన్న హాఫ్నర్ బాస్ 1972లో లండనున చోరియై, అది దొరకిన వార్త 2024లో వెలువడినది. 1964లో దానికి రంగు మార్చి, తంతుల కదలికను గ్రహించు రెండు పికప్పులను ఒకే కొయ్యచట్రమున బిగించియుండిరి. ఆ మార్పులు పాత ఛాయాచిత్రములయందు స్పష్టముగా నున్నవి. సర్వాంగ స్వకీయవాదుల మతమున ఏవి దోషములో, అవియే ఇచట పుట్టుమచ్చలైనవి. కావున మార్పు ఉన్నదా యనుట ప్రశ్న కాదు. ఎవరు, ఎప్పుడు, చెప్పి చేసిరా చెప్పక చేసిరా యనుటయే ప్రశ్న. ఇది సిద్ధాంతము.

నాల్గవ పాదమున వ్యాఖ్యానింపదగినది స్వల్పము. మరలు విప్పుటకు అమ్మువాడు సమ్మతింపనిచో తక్కిన మూడు పాదములతో పనిలేదు. ‘మా తాతగారి వస్తువు, విప్పిన శకునము చెడును’ అనువారును, ‘విప్పిన ధ్వని మారును’ అనువారును కలరు. ఇందు మొదటివారు కొంత నయము. తీగ తెగకుండ విప్పగలవాడు, సరియైన స్క్రూడ్రైవరు గలవాడు, మరల బిగింపనేర్చినవాడు వెంట నుండుట కొనువాని ధర్మము.

‘పదిలముగను’ అనుటలో ఒక భాగము మాత్రము పద్యమున ఇముడలేదు. 1960ల తొలినాటి ఫెండర్ మెడలపై అతికిన రోజ్‌వుడ్ సాధారణముగా బ్రెజిల్ దేశపుది. అది 1992నుండి అపాయమందున్న జీవజాతుల వాణిజ్యమును నియంత్రించు సైటీస్ ఒడంబడిక మొదటి అనుబంధమునకు ఎక్కిన వృక్షజాతి. డల్లాసున కొని హైదరాబాదుకు పంపదలచినవాడు తేదియు అంకెయు రంగును సరిచూచుకొని, పైకమునుగూడ చెల్లించి, తగిన అనుమతిపత్రము లేక కస్టమ్స్ బల్లవద్ద నిలిచిపోవచ్చును. ఈ సంగతికి ఐదవ పాదము కావలెను, ఆటవెలదికి నాలుగే.