గోడకు చెవులున్నాయి

2014 అక్టోబరు. బీజింగ్‌లోని సింఘువా విశ్వవిద్యాలయం. ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ నోరు విప్పితే మాండరిన్ ఊడిపడింది.

హాలు హాలంతా కేరింతలు!

ఉచ్చారణ ఎటెటో పోయింది. పోనీండి, మనసు చైనావైపే పోయింది కదా. అరగంటసేపు వదల్లేదు.

ఇంత కష్టపడి ఎందుకు నేర్చుకున్నారయ్యా అంటే, భార్యగారి బామ్మకు చైనీసు తప్ప రాదట. పెళ్లి చేసుకుంటున్నామని ఆవిడ భాషలోనే చెబితే విస్తుపోయిందట.

బామ్మ విస్తుపోయింది. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. 2009 నుంచి ఫేస్‌బుక్‌ను గుమ్మం బయటే నిలబెట్టిన సర్కారు గోడ మాత్రం చలించలేదు. గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడకు ఉన్నవి చెవులే, తలుపు లేదు.

2015లో మళ్లీ వెళ్లారు. మళ్లీ మాండరిన్.

2016లో ఇక మాటలు చాలనుకున్నారేమో, కాళ్లకు పని చెప్పారు. కాలుష్యం కమ్మిన తియానన్మెన్ చౌరస్తాలో, ముక్కుకు మాస్కయినా లేకుండా పరుగు! (పెళ్లి కోసం కూడా ఇంత పొగ మింగి ఉండరు.)

ఆ ఫొటోను గర్వంగా ఫేస్‌బుక్‌లోనే పెట్టారు. ఆ పరుగును కళ్లారా చూసిన బీజింగ్‌వాసికి లైక్ కొట్టాలని ఎంత ఉన్నా, అక్కడ అది తెరుచుకోదు.