అట్ట మీది సంవత్సరం

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, అలెగ్జాండ్రియా పట్టణంలో చెవి, ముక్కు, గొంతు డాక్టర్ల అకాడమీ ఉంది. రోగులను వదిలి కదలలేని డాక్టరు ఇంట్లోనే కూర్చుని చదువుకోవాలని వాళ్లు పోస్టులో పంపిన పాఠాల కట్టను నేను. పత్రికల్లో వచ్చిన వ్యాసాల్లో ముఖ్యమైనవి ఏరి, వాటికో ప్రశ్నపత్రం జోడించి, విభాగానికో కట్ట కట్టేవారు. చెవికొకటి, ముక్కు, ఎలర్జీలకొకటి, స్వరపేటికకొకటి, పిల్లల జబ్బులకొకటి, ఇలా మొత్తం ఎనిమిది విభాగాలు. ఆ ఏడాది తన ఇంటికి వచ్చిన కట్టలన్నిటినీ మా డాక్టరుగారు ఒకే ఫైలులో గుచ్చి, అట్ట మీద 1993 అని మందపాటి పెన్నుతో రాశారు. అందుకని నేనంటే చెవి పాఠమూ నేనే, పిల్లల పాఠమూ నేనే.

మా వంశం మాత్రం పాతది. 1896లో కాన్సాస్ సిటీలో కంటి డాక్టర్లూ, చెవి ముక్కు గొంతు డాక్టర్లూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ రోజుల్లో ఈ రెండు పనులూ ఒకే డాక్టరు చేయడం మామూలే. 1940లో ఆ సంఘమే ఇంటి చదువు మొదలుపెట్టింది. 1979లో కంటివాళ్లూ చెవివాళ్లూ వేరుపడ్డారు కానీ చదువు ఆగలేదు, రెండిళ్లలోనూ సాగింది. పెద్ద ఆసుపత్రి ఎక్కడో దూరాన ఉన్న ఊళ్లో, తప్పు చేస్తే ఇది తప్పు అని చెప్పే తోటి డాక్టరు పక్కన లేనివాడికి ఈ చదువు ఎంత అవసరమో నేను కళ్లారా చూశాను.

మా డాక్టరుగారిది కృష్ణా జిల్లా. 1965లో అమెరికా వలస చట్టం మారాక మన వైద్య కళాశాలల నుంచి వెళ్లిన ఎంతోమందిలో ఆయనా ఒకరు. ఒహాయోలో చిన్న పట్టణం. అక్కడ ఆయన శాఖకు ఆయనొక్కరే. పగలంతా రోగులు. రాత్రి భోజనాలయ్యాక వంటింటి బల్ల తుడిచి, నన్ను దాని మీద పెట్టుకునేవారు. ఆయనకో పద్ధతి ఉండేది. ముందు ప్రశ్నపత్రం తీసి, తనకు తెలిసినంతలో పెన్సిలుతో జవాబులు పెట్టేసేవారు. ఆ తర్వాతే నన్ను తెరిచేవారు. తప్పిన ప్రశ్న పక్కన ఒక చిన్న గీత గీసి, దానికి సంబంధించిన వ్యాసం రెండోసారి చదివేవారు. తనకు ఏది తెలియదో తెలుసుకోవడానికి అంతకన్నా నిజాయితీ అయిన దారి నాకు ఇప్పటికీ కనిపించదు.

నాలో చెవి పాఠంలో జాన్ ఎప్లీ అనే ఆరెగాన్ డాక్టరు 1992లో రాసిన వ్యాసం ఉంది. పక్క మీద ఇటు నుంచి అటు తిరిగినా, పై అరలో డబ్బా కోసం తల ఎత్తినా గది గిర్రున తిరిగే జబ్బు గురించి అది. లోపలి చెవిలో ఒకచోట ఉండాల్సిన సన్నటి సున్నపు కణాలు ఊడి, అర్ధచంద్రాకారపు గొట్టంలోకి జారతాయి. తల కదిలినప్పుడల్లా అవి గొట్టంలోని ద్రవాన్ని కదిలిస్తాయి, మెదడేమో మనిషే తిరుగుతున్నాడని నమ్ముతుంది. దీన్ని పట్టుకునే పరీక్షను డిక్స్, హాల్‌పైక్ 1952లోనే చెప్పారు. వైద్యం మాత్రం చాలామంది చేతుల్లో కళ్లు తిరగడం తగ్గించే మెక్లిజీన్ మాత్రలతోనే గడిచిపోయింది. తలను ఒక వరసలో తిప్పి ఆ కణాలను వెనక్కి నడిపించవచ్చని ఎప్లీ 1980లో చెప్పినప్పుడు తోటి డాక్టర్లు నమ్మలేదు. అచ్చులోకి రావడానికి పన్నెండేళ్లు పట్టింది.

ఆ రాత్రి డాక్టరుగారు ఆ వ్యాసాన్ని బొమ్మలతో సహా చదివి, భార్యను పిలిచారు.

"ఒక్కసారి ఇలా వచ్చి మంచం మీద కూర్చో. తల నలభై ఐదు డిగ్రీలు కుడివైపు తిప్పు. ఇప్పుడు వెనక్కి వాలు, తల మంచం అంచు దాటి వేలాడాలి."

"ఏమండీ, నాకేం కళ్లు తిరగడం లేదు కదా!"

"తిరగనివాళ్ల మీద సరిగ్గా చేయలేకపోతే తిరిగేవాళ్ల మీద ఏం చేస్తాను?"

ఆవిడ పడుకున్నారు. నన్ను పక్కన తెరిచి పెట్టుకుని, ఎంతసేపు ఆగాలో గడియారం చూసుకుంటూ, తలను ఎడమకు తిప్పారు, ఒంటిని పక్కకు ఒత్తిగిలమన్నారు, లేపి కూర్చోబెట్టారు. మళ్లీ మొదటి నుంచి. కొన్నాళ్లకు ఒక ముసలావిడ కొడుకు భుజం పట్టుకుని క్లినిక్కుకు వచ్చిందనీ, నెలల తరబడి మాత్రలు మింగి సోఫాలోనే కూర్చుని నిద్రపోతోందనీ, ఇంటికి తిరిగి వెళ్లేటప్పుడు ఎవరి భుజమూ పట్టుకోలేదనీ ఆయన భోజనాల దగ్గర చెబుతుంటే విన్నాను. కాగితం పుట్టుక పుట్టినందుకు నాకు దక్కిన గొప్ప ఫలం అదే. 2008లో అకాడమీ ఈ జబ్బుకు మార్గదర్శకాలు రాసినప్పుడు తల తిప్పే వైద్యాన్నే సిఫారసు చేసింది, మాత్రలు మామూలుగా వాడవద్దంది. నాలో కొత్తగా అడుగుపెట్టిన సంగతి పదిహేనేళ్లకు అందరి పాఠమైంది.

ఆ రోజులు అలాగే ఉండిపోలేదు. రోగులు పెరిగారు, రెండో క్లినిక్కు వచ్చింది, పిల్లల కాలేజీ ఫీజులు వచ్చాయి. నా తర్వాత వచ్చిన కట్టలను డాక్టరుగారు అదే బల్ల మీద తెరిచేవారు కానీ పద్ధతి తిరగబడింది. ముందు ప్రశ్న చూడటం, ఆ మాట ఏ పేజీలో ఉందో వెతకడం, జవాబు పెట్టేయడం. మార్కులు బాగా వచ్చేవి, చదివిన గంటల ధ్రువపత్రమూ వచ్చేది. తప్పుల పక్కన గీతలు మాత్రం కనిపించడం మానేశాయి. తప్పే జరగని చదువులో నేర్చుకోవడానికి ఏం మిగులుతుంది? ఇంకొన్నాళ్లకు కొన్ని కట్టలు ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండానే అరలోకి చేరాయి. నా పక్కనే ఉండేవి. వాటిలో ఏం రాసి ఉందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చదవని పాఠం వాడిపోయేటప్పుడు చప్పుడు చేయదు. రోజులు గడిచేకొద్దీ దానిలోని మాటలు ఒక్కొక్కటే నిజం కాకుండా పోతాయి, కవరు మాత్రం మెరుస్తూనే ఉంటుంది.

2003లో ఇల్లు మారేటప్పుడు డాక్టరుగారి భార్య అడిగారు. "ఏమండీ, ఇవన్నీ చెత్తలో వేసేయమంటారా?"

"అయ్యో, పారేయడమెందుకు? మన కాలేజీకి పంపిద్దాం. పిల్లలకు పనికొస్తాయి."

ఆ మాటలో ఉన్న ప్రేమను నేను శంకించను. తనకు చదువు చెప్పిన చోటుకు ఏదో ఒకటి చేయాలన్న తపన ఆయనలో ఎప్పుడూ ఉండేది. కానీ నా మనసు కలుక్కుమంది. పాత చొక్కా ఇస్తే అవతలివాడికి చలి ఆపుతుంది, పాత వైద్య పాఠం ఇస్తే అది ఎవరి ఒంటి మీదికి వస్తుందో చెప్పలేం. అమెరికాలో తను చదవడానికి పాతబడిపోయిందని తోచిన కట్ట, ఆంధ్రలో పిల్లలు చదవడానికి కొత్తది ఎలా అవుతుంది? సముద్రం దాటినంత మాత్రాన నా అట్ట మీది అంకె మారదు కదా. ఆ ఖర్చుతో అప్పటి కొత్త కట్ట ఒక్కటి పంపినా నేను సంతోషంగా చెత్తబుట్టలోకి వెళ్లేదాన్ని.

అట్టపెట్టెల్లో, ఓడలో వచ్చాం. కాలేజీలో చిన్న సభ పెట్టారు. మమ్మల్ని బల్ల మీద పేర్చి ఫొటోలు తీశారు. ఊదా రంగు ముద్రలు కొట్టి, నంబర్లు వేసి, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఒక ఉద్యోగి దగ్గర ఉండేది, ఆయన మధ్యాహ్నం దాకా వచ్చేవారు కాదు. కొట్టిన ముద్ర ఆరకముందే మమ్మల్ని మరిచిపోయారు. వానాకాలం గోడ చెమ్మ నా వీపుకు తగిలి, ఫైలు రింగులు తుప్పు పట్టాయి. కింది అరలో చెదలు పట్టి ఒక చెవి పాఠం సగానికి సగం మట్టి అయింది. అద్దం బయట పిల్లలు వచ్చి కూర్చునేవారు, పరీక్షల గైడ్లు చదువుకునేవారు, లేచి వెళ్లిపోయేవారు. ఒహాయోలో నన్ను చదివిన వంటింటి బల్ల గుర్తొచ్చేది. అక్కడ కాఫీ మరకలు పడ్డాయి నా మీద. ఇక్కడ మరక కూడా పడలేదు.

మన దేశంలోనూ డాక్టర్లు చదువు కొనసాగించాలనే నియమం ఉంది. ఐదేళ్లకు కనీసం 30 గంటలు అని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతాయి. ఆ లైబ్రరీ పక్క హాల్లోనే అలాంటి సభలు జరిగేవి. పొద్దున సంతకం పెట్టి, సంచీ తీసుకుని, భోజనం వేళకు మాత్రమే మళ్లీ కనిపించినవాళ్లను నేను అద్దంలోంచి చూశాను. చివరి వరుసలో కూర్చుని చివరి మాట దాకా రాసుకున్న జిల్లా ఆసుపత్రి డాక్టర్లనూ చూశాను. ఆ రాసుకునేవాళ్లలో ఒకరి చేతిలోనైనా, కొత్తగా ఉన్న రోజుల్లో నేను పడి ఉంటే ఎంత బాగుండేదో.

2014లో ఒక పీజీ కుర్రాడు బీరువా తెరిపించాడు. టాన్సిల్ ఆపరేషన్ తర్వాత పిల్లలకు నొప్పి తగ్గించడం మీద సెమినార్ చెప్పాలట. నాలోని పిల్లల విభాగంలో ఆ విషయం మీద వ్యాసం ఉంది. కోడీన్ సిరప్పు ఇవ్వవచ్చని, మోతాదుతో సహా, ఏ అనుమానమూ లేకుండా అందులో అచ్చయి ఉంది. అమెరికన్ అకాడమీ పాఠం అన్న నమ్మకంతో కుర్రాడు దాన్ని అక్షరం పొల్లు పోకుండా ఎక్కించుకున్నాడు. సెమినార్ ముందు రోజు ప్రొఫెసర్ మేడమ్ గదిలో నన్ను కూడా బల్ల మీద పెట్టాడు.

ఆవిడ ముందు నా అట్ట చూశారు. అన్నేళ్లలో అట్ట మీది సంవత్సరం చూసిన మొదటి మనిషి ఆవిడే.

"బాబూ, ఇది ఎప్పటి మాట?"

"అమెరికా వాళ్లదే మేడమ్."

"ఎక్కడిది అని అడగలేదు నాయనా. ఎప్పటిది?"

అప్పుడు కూర్చోబెట్టి చెప్పారు. కోడీన్ దానంతట అది పెద్దగా నొప్పి తీయదు. కాలేయంలో ఒక ఎంజైము దాన్ని మార్ఫిన్‌గా మార్చాలి. కొందరు పిల్లల్లో పుట్టుకతోనే ఆ ఎంజైము విపరీతమైన వేగంతో పనిచేస్తుంది. మామూలు మోతాదు ఇచ్చినా ఒంట్లో మార్ఫిన్ ప్రమాదకరంగా పేరుకుంటుంది, ఊపిరి మందగిస్తుంది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు వల్లనే టాన్సిల్ తీయించుకున్న పిల్లలకు అది మరీ గండం. కెనడాలో అలాగే ఆపరేషన్ చేయించుకున్న రెండేళ్ల బాబు సరైన మోతాదు మందుతోనే ఇంట్లో చనిపోయిన సంగతి 2009లో పత్రికకు ఎక్కింది. 2013 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ సంస్థ, టాన్సిల్ ఆపరేషన్ అయిన పిల్లలకు కోడీన్ ఇవ్వవద్దని మందు వివరాల కాగితం మీద పెట్టె గీసి మరీ హెచ్చరిక వేయించింది.

కుర్రాడి మొహం పాలిపోయింది. నా పేజీలు కదల్లేదు కానీ నాలో మాత్రం ఏదో కుంగింది. ఎప్లీ వైద్యం ఎంత ధీమాగా చెప్పానో, కోడీన్ కూడా అంతే ధీమాగా చెప్పాను. రెండూ ఒకే సిరా, ఒకే అచ్చు. ఏది నిలిచిందో, ఏది ప్రాణం మీదికి వచ్చిందో నా లోపల ఎంత వెతికినా దొరకదు. అది నా తర్వాత పుట్టిన కాగితాల్లోనే ఉంటుంది.

మేడమ్ ఎర్ర పెన్ను తీసి, ఆ వ్యాసం మొదటి పేజీలో అడ్డంగా రాశారు: "2013 తర్వాత చెల్లదు. పిల్లలకు కోడీన్ వద్దు." ఆ రాతను నేను అవమానం అనుకోలేదు. ఒహాయోలో తప్పు ప్రశ్నల పక్కన గీసిన ఆ చిన్న గీతల తర్వాత నా మీద పడిన నిజమైన చదువు అదే. ఆ తర్వాత ఆవిడ లైబ్రేరియన్‌కు చీటీ రాసి నా నంబరు కొట్టేయించారు. నెల తిరక్కుండా పాత కాగితాలు కొనేవాడి తక్కెడలోకి చేరాను. ఇప్పుడు అలెగ్జాండ్రియా అకాడమీ కూడా కాగితం కట్టలు పంపడం మానేసి, పాఠాలను ఆన్‌లైన్‌లో పెట్టింది. పాతది తీసి కొత్తది పెట్టడానికి అక్కడ ఓడలు, బీరువాలు అక్కర్లేదు. ఆ మార్పు నాకు నచ్చింది.

ఒక్క బాధ మాత్రం వదలడం లేదు. నాతో పాటు ఓడలో వచ్చి, నా పక్కనే పదేళ్లు నిలబడిన 1996 కట్ట ఇంకా ఆ అద్దాల బీరువాలోనే ఉంది. దానిలోనూ పిల్లల విభాగం ఉంది, దానిలోనూ కోడీన్ ఉంది. దాని మీద ఇంకా ఎవరూ ఎర్ర సిరాతో రాయలేదు.