బోర్డుకెక్కని మేడం

మహిళలను పైకి తేవడంలో మన ఆడిట్ ఆఫీసులు వెనకబడ్డాయనడం అన్యాయం. ఏటా మార్చి 8న తెస్తూనే ఉన్నాయి. మార్చి 31 నెత్తి మీదికొస్తున్నా సాయంత్రం అరగంట కేటాయించి, కేకు తెప్పించి, సారే స్వయంగా కోస్తారు. ప్లేట్లు పంచేది ఎటూ మేడమే గనక కార్యక్రమం ఆడవాళ్ల చేతుల మీదుగానే నడిచినట్టు లెక్క. "మన ఆఫీసుకు మేడమే మహాలక్ష్మి" అని సారు మురిసిపోతారు. లాభంలో వాటా మాటెత్తితే మాత్రం, లక్ష్మి ఎక్కడన్నా వాటా అడుగుతదా అని నొచ్చుకుంటారు.

కరీంనగర్ కోర్టు చౌరస్తా నుంచి టవర్ సర్కిల్ దాకా నడుస్తూ మేడల మీది బోర్డులు చదవండి. ఒక సారు పేరు, పక్కన 'అండ్ కో'. ఆ 'కో' ఎవరో తెలియాలంటే మెట్లెక్కాలి. జీఎస్టీ గడువు రోజు రాత్రి దాకా కూర్చునేది మేడం, ఆర్టికల్స్ పిల్లలకు పని నేర్పేది మేడం, ఇన్‌కం ట్యాక్స్ నోటీసుకు జవాబు తయారు చేసేది మేడం. సీఏ పాసై పదేళ్లయినా హోదా పెయిడ్ అసిస్టెంటే.

చట్టం సంగతి సార్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం లిస్టెడ్ కంపెనీలన్నిటిలో, 100 కోట్ల మూలధనమో 300 కోట్ల టర్నోవరో ఉన్న పబ్లిక్ కంపెనీల్లో డైరెక్టర్ల బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలి. ఈ ముక్క చెప్పినందుకు సారు ఫీజు కూడా తీసుకుంటారు. అయితే ఆ సెక్షన్ భాగస్వామ్య సంస్థలకు వర్తించదు గనక సొంత ఆఫీసు దాకా ఆ ఇబ్బంది రాలేదు. చట్టం చదువుకున్నందుకు ఆ మాత్రం సుఖం ఉండొద్దా?

అదే ఏడాది వచ్చిన మరో చట్టం కొంచెం చిక్కు పెట్టింది. పది మంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ వేయాలి. దానికి సీనియర్ ఉద్యోగిని అధ్యక్షత వహించాలి. ఆ ఒక్క పూట మేడం సీనియర్ అయిపోతుంది. కమిటీ కాగితం ఫైల్లోకి చేరగానే మళ్లీ అసిస్టెంట్.

"మాకేం లేదు, క్లయింట్లే ఒప్పుకోరు" అన్నది సార్ల ఆఖరి వాదన. కరీంనగర్ రైస్‌మిల్లు సేటూ, ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లు సేటూ ఆడమనిషితో లెక్కలు మాట్లాడరట. ఆ సేట్లే కలెక్టరేట్‌కు పోయి, కలెక్టర్ మేడం పిలిచేదాకా బయట బెంచీ మీద బుద్ధిగా కూర్చుంటారు. స్మితా సభర్వాల్, నీతూ కుమారి ప్రసాద్, పమేలా సత్పతి కరీంనగర్ కలెక్టర్లుగా పనిచేసినప్పుడు జిల్లా లెక్కలేమీ తప్పలేదు. ఆదిలాబాద్ కలెక్టర్‌గా వచ్చిన దివ్య దేవరాజన్ గోండి భాష నేర్చుకుని ఆదివాసుల గోడు వాళ్ల మాటల్లోనే విన్నారు. వాళ్లు ఆమె పేరు మీద ఒక ఊరికి దివ్యగూడ అని పేరు పెట్టుకున్నారు. అడవిలో ఏకంగా ఊరికే ఆడమనిషి పేరు పెట్టుకోగలిగారు. పట్నంలో డిగ్రీలున్న ఆఫీసుకు మూడడుగుల బోర్డు మీద జాగా చాలడం లేదు.

ఇక జాలి ఒకటుంది. "ఉట్నూరు బ్యాంకు బ్రాంచి ఆడిట్‌కు ఆడపిల్లనెట్ల పంపుతం?" అంటారు. సారుకు పెండ్లి పిలుపు తగిలిందా, ఆ జాలి అడ్డురాదు. పొద్దున మొదటి బస్సుకే మేడం బయల్దేరాలి.

సార్లకు కొత్త విద్యలేవీ వద్దు, వచ్చిన విద్యే చాలు. ఊరందరి పుస్తకాలు తిరగేసినట్టే ఒక్కసారి సొంత ఆఫీసు పుస్తకం తిరగేయండి. పని ఎవరు చేశారు, క్లయింటు ముందు కుర్చీ ఎవరికి వేశారు, ప్రసూతి సెలవు నుంచి వచ్చేసరికి ఆమె ఫైళ్లు ఎవరి బల్ల మీదికి చేరాయి, మిగిలిన లాభం ఎవరి ఖాతాలో పడింది? తేడా వస్తే ఉన్నదున్నట్టు రిపోర్టులో రాయండి.

అంత రాసే తీరిక లేదంటారా? దిగులెందుకు, డ్రాఫ్టు మేడం చేసి పెడుతుంది. సారు సంతకం పెడితే చాలు.