‘ర్యాక్ దొర్కది సారూ’: టీకా తాత్పర్య సహితం

మూలం

ర్యాక్ ఖతమైంది సారూ. కొత్తది దొర్కది. తాండూర్ల అడుగుండ్రి.

అవతారిక

వికారాబాదులో ఒక షెడ్డు ముందు, 1984 నాటి అంబాసిడర్ మార్క్ 4 కింది నుంచి వెల్లకిలా జరుగుతూ బయటికొచ్చిన ఉస్తాదు, గుడ్డకు చేతులు తుడుచుకుంటూ సెలవిచ్చిన వాక్యత్రయమిది. కారు ఈ వ్యాఖ్యాతది. దోషం బయటపడింది అనంతగిరి ఘాట్‌లో. స్టీరింగ్ తిప్పాను. కారు కాసేపు ఆలోచించి, ఆ తర్వాత తిరిగింది. ఆ కాసేపట్లో ఎదురుగా బండల లారీ ఉంది. అనంత పద్మనాభస్వామిని అంత హఠాత్తుగా నేనెప్పుడూ తలచుకోలేదు.

కాళిదాసుకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది మన మెదక్ వైపు కొల్చారమే. మూలంలో లేనిది రాయననేది ఆయన పెట్టుకున్న నియమం. నాకా నియమం కుదరదు. మూలంలో ధర లేదు.

ప్రతిపదార్థం

ర్యాక్ = స్టీరింగ్ రాడ్డు కొసనున్న పినియన్ తిరిగినప్పుడల్లా కుడికీ ఎడమకీ జరిగే పళ్ళ కడ్డీ. అంబాసిడరుకు ఇది పుట్టింటి సొమ్ము. ఆ పుట్టిల్లు ఇంగ్లండు, తల్లి మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. పద్మిని కారుకు ర్యాక్ లేదు, బాక్స్ ఉంటుంది. ఈ తేడా తెలియక ‘అంబాసిడర్ స్టీరింగ్ బాక్స్ ఉందా’ అని అడిగినవాణ్ణి దుకాణదారు ఎగాదిగా చూసి, ధరలో వంద కలుపుతాడు.

ఖతమైంది = అరిగిపోయినది. ఇక్కడ కొంత ఆగాలి. అరుగుదల అంతటా సమానంగా ఉండదు. ఏ బండైనా జీవితంలో ఎక్కువ భాగం తిన్నగానే పోతుంది గనుక, ర్యాక్ పళ్ళు నట్టనడుమ అరుగుతాయి, కొసల్లో కొత్తగా ఉంటాయి. నడుమ వదులుందని బిగిస్తే కొసల్లో పట్టేస్తుంది. మలుపులో తిప్పిన స్టీరింగ్ మళ్ళీ వెనక్కి రానంటుంది. ఇక ర్యాక్‌కు రెండు వైపులా మడతల రబ్బరు బూట్లుంటాయి. అవి చిరిగితే దుమ్ము లోపలికి పోయి గ్రీజులో కలుస్తుంది. ఈ రోడ్ల మీద దుమ్మంటే బండల పొడి. గ్రీజులో కలిస్తే అది సానరాయి పనే చేస్తుంది.

ఉస్తాదు ఈ మాట ఊరికే అనలేదు. పిల్లవాణ్ణి సీట్లో కూర్చోబెట్టి ‘కొంచెం కొంచెం ఊపురా’ అని, తాను కింద టై రాడ్ ఎండ్‌లను ఒక్కొక్కటే అరచేత్తో పట్టుకుని చూశాడు. అవి బాగున్నాయి. స్టీరింగ్ మాత్రం నాలుగు వేళ్ళ మేర ఉత్తదే తిరుగుతోంది. శాస్త్రంలో దీని పేరు ‘ప్లే’. నాలుగు వేళ్ళ ప్లే ఉన్నవాడు ఘాట్ ఎక్కకూడదని ధర్మశాస్త్రం, అంటే ఉస్తాదు.

సారూ = సంబోధన. దీర్ఘం ఖర్చును సూచిస్తుంది.

కొత్తది = ఇది కష్టమైన పదం. ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీ 2014 మేలో ఆగిపోయింది. 2017లో ఆ పేరు కూడా 80 కోట్లకు పెజో కంపెనీ పరమైంది. కాబట్టి ఈ సందర్భంలో ‘కొత్తది’ అంటే ఎవరూ బిగించకుండా అటక మీద పాతబడిపోయినదని అర్థం.

దొర్కది = దొరకదు. ఆలంకారికులు చెప్పినట్టు దీనికి మూడర్థాలు. వాచ్యార్థం: లేదు. లక్ష్యార్థం: నా దగ్గర లేదు. వ్యంగ్యార్థం: ఉంది, నువ్వే తిరగాలి. మొదటి అర్థం దగ్గరే ఆగిపోయినవాళ్ళ కార్లు ఇప్పుడు పెరళ్ళలో, సొరపాదు కింద ఉన్నాయి.

తాండూర్ల = తాండూరులో.

అడుగుండ్రి = అడగండి. ‘తెచ్చుకోండి’ అనలేదని గమనించాలి.

పూర్వపక్షం

డాలస్‌లో ఉన్న మా మేనల్లుడి ఆక్షేపం: ‘మామయ్యా, ఇంత అవస్థ దేనికి? కేటలాగ్ చూసి తెప్పించుకో.’ వాడి దగ్గర 1965 ముస్టాంగ్ ఉంది, 4.7 లీటర్ల వి-8. అలాంటి వాటిని అక్కడ కండల కార్లంటారు. వాటికి స్టీరింగ్ సామాన్లే కాదు, రేకు ఒళ్ళు మొత్తం కొత్తగా చేసి అమ్మేవాళ్ళున్నారు. మా దానికున్నది 1489 సీసీ. కండలు ఇంజన్లో లేవు, తిప్పేవాడి జబ్బల్లో ఉన్నాయి. కేటలాగ్ కూడా ఉంది, ఉస్తాదు తలలో.

‘అయితే రాణీగంజ్ పోవచ్చు కదా’ అని ఇంకొకరు. పోయాను. అక్కడివాళ్ళు కలకత్తా మల్లిక్ బజార్ పొమ్మన్నారు. తాండూరు దగ్గర.

ఉదాహరణం

తాండూరు నలభై కిలోమీటర్లు. కారు సామాను కోసం రైలెక్కడం అవమానమే గానీ, వాడి జంక్షన్ లైనులో బండి ఉంది, కారుకేమో స్టీరింగ్ లేదు. స్టేషన్ నుంచి ఆటోలో పోతే బండల పాలిష్ కార్ఖానాలు, ఆ వెనక పాత ఇనుము దుకాణం. దుకాణం ముందు నేలంతా విరిగిన నాపరాళ్ళు పరిచి ఉంది. పెద్దాయన నాతో తెలుగు, పనివాడితో కన్నడం, ఫోన్‌లో ఉర్దూ మాట్లాడుతూ, మూడింటిలోనూ ‘లేదు’ అన్నాడు. నేను వ్యంగ్యార్థం తెలిసినవాణ్ణి. అక్కడే ఉన్న టైరు మీద కూర్చున్నాను.

రెండు చాయల తర్వాత మొదటి ర్యాక్ వచ్చింది. పినియన్ పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూశాను. మొదట బిగువు, నడుమ గలగల, చివర మళ్ళీ బిగువు. నా దానికి తోబుట్టువు. వద్దన్నాను. పెద్దాయన మొదటిసారి నా మొహం చూశాడు. పనివాడికి కన్నడంలో ఏదో చెప్పాడు. వాడు గేర్‌బాక్సుల గుట్ట వెనక్కి దూరి ఇంకొకటి లాగాడు. బూట్లు చిరగలేదు, తిప్పితే అంతటా ఒకే బిగువు.

‘ఇది సర్కారు బండిది సార్’ అన్నాడు పెద్దాయన.

అదీ హేతువు. సర్కారు బండి ఆఫీసు ముందు నిలబడ్డంత కాలం రోడ్డు మీద తిరగలేదు.

ధర గురించి మల్లినాథుడి నియమం ఇక్కడ పాటిస్తాను.

కందిపప్పు సంచీలో చుట్టుకుని సాయంత్రం బండికి వచ్చేశాను. తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు ఉంది గనుక ఆ సంచీని ఎవరూ అనుమానించలేదు. బరువు చూసి పక్కాయన మాత్రం ‘కిలో ఎంత పడ్డది?’ అన్నాడు.

అలంకారం

స్వభావోక్తి.

పాఠాంతరం

సంచీ విప్పి ముందు పెడితే ఉస్తాదు పళ్ళ మీద బొటనవేలు పోనిచ్చి, పినియన్ ఒకసారి తిప్పి, పిల్లవాడి వైపు తిరిగి ‘నేనప్పుడే చెప్తి గద, తాండూర్ల దొర్కుతదని’ అన్నాడు. మూలంలో ‘దొర్కది’ అని నేను చెవులారా విన్నాను. పిల్లవాడు మాత్రం ‘దొర్కుతది’ పాఠమే సాధువని తలూపుతున్నాడు.