సోలాపూర్ ఒక్కరోజు యాత్ర: విధివిధానాలు

సోలాపూర్ యాత్ర అంటే తుల్జాపూర్ భవానికీ పండరిపురం విఠలుడికీ నడుమ మిగిలిపోయిన పూట. హైదరాబాద్‌ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు. సోలాపూర్ నుంచి అక్కల్‌కోట 40, తుల్జాపూర్ 45, పండరిపురం 70. పెద్ద దేవుళ్లంతా చుట్టుపక్కల ఊళ్లలో కొలువై ఉండటంతో సోలాపూర్ వాటాకు భోజనం, దుప్పట్ల బేరం మిగిలాయి. తెలుగు యాత్రికుడికి ఈ ఊరు కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ చలికాలమంతా ముసుగు తన్నింది షోలాపూర్ దుప్పట్లోనే.

యాత్రలో మొదటి ఘట్టం సిద్ధేశ్వరాలయం. 12వ శతాబ్దపు శివయోగి సిద్ధరామేశ్వరుడి పేరున వెలసిన గుడి, చుట్టూ చెరువు. దర్శనానికి పది నిమిషాలు, ఫొటోలకు నలభై. పక్కనే భుయికోట్ కోట. లోపల ఏముందో కొబ్బరిబోండాల బండి దగ్గరే వాకబు చేసి, ఎండను తలచుకుని వెనుదిరగడం ఆనవాయితీ.

రెండో ఘట్టం చార్ హుతాత్మా చౌక్, అంటే నలుగురు అమరుల కూడలి. 1930 మేలో ఆంగ్ల ప్రభుత్వం ఈ ఊరి మీద సైనిక శాసనం విధించింది. మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ్ షిండే, శ్రీకిసన్ సార్డాలను 1931 జనవరి 12న యెరవాడ జైల్లో ఉరితీశారు. ఆ నలుగురి సాక్షిగా ఇరవై రూపాయల కోసం ఆటోవాడితో పావుగంట పోరాటం నడుస్తుంది.

మూడో ఘట్టం దుప్పటి కొనుగోలు. యాత్రకు ఇదే గుండెకాయ. సోలాపూర్ చాదర్‌కు, టర్కీ తువ్వాలుకు భౌగోళిక గుర్తింపు ఉంది. అదే పేరుతో పానిపట్ సరుకూ దేశమంతా అమ్ముడుపోతుంది. యాత్రికుడు అసలు సరుకును పట్టే పద్ధతి ఒక్కటే: చవగ్గా వస్తే అసలు. బేరం హిందీలో సాగుతుంది. "కమ్ కరో భాయ్" అని ఇటు నుంచి, "నై పడ్తా సాబ్" అని అటు నుంచి. చివరికి దుకాణదారు లోపలికి తిరిగి, "అరేయ్, గిరాకీ మనోడే ఉన్నడు, ఇంకో రకం తియ్" అంటాడు. యాత్రికుడు నోరు తెరిచి, "మీరు తెలుగువాళ్లా?" అంటాడు. ఈ ఆశ్చర్యానికి ఎవరి దగ్గరా రుసుము వసూలు చేయరు. బంధుత్వం బయటపడిన వెంటనే ఇంకో యాభై తగ్గించమని బేరానికి దిగుతాడు.

యాత్రలో లేని ఘట్టం భవాని పేట్. స్థానికులు 'పూర్వ భాగ్' అని పిలిచే తూర్పు సోలాపూర్‌లో సాఖర్ పేట్, దాజీ పేట్, అశోక్ చౌక్, పద్మనగర్‌లతో పాటు ఇదీ ఒకటి. కరువుకూ అప్పుకూ తాళలేక కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి పద్మశాలీలు తరాల కిందటే మగ్గం నమ్ముకుని ఇక్కడికి చేరారు. చూడదగ్గ స్థలాల జాబితాలో ఇది ఉండదు. ఇక్కడ చూడటానికి మనుషులు తప్ప ఏమీ లేదు.

సందులోకి అడుగుపెట్టకముందే మరమగ్గం చప్పుడు చెవిన పడుతుంది. ఇక్కడివాళ్లు సాంచె అనే ఆ మగ్గం నెత్తిన జకార్డు యంత్రం, దానికి వేలాడే చిల్లుల అట్టలు. ఏ పడుగు పోగు లేవాలో ఆ చిల్లే చెబుతుంది. పోగును మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంటే దుప్పటి మీద నెమలి ఒక్కో ఈకా తొడుక్కుంటూ పైకి వస్తుంది. పోగు తెగితే సాంచె ఆగుతుంది, దాంతోపాటే కూలి కూడా. పక్కింటి గడపలో చేట ఒళ్లో పెట్టుకున్న ఆడమనిషి తడిపిన తునికాకును కత్తెరతో కోసి, పొగాకు పోసి, చుట్టి, దారం బిగిస్తుంది. కూలి లెక్క వెయ్యి బీడీలకింత. నల్లా కొన్ని రోజులకోసారి వస్తుంది కనుక, వచ్చిన రోజు పేటకు పండుగ.

అసలు పండుగ నార్లీ పున్నమికి, అంటే రాఖీ పున్నమికి. ఆ రోజు పద్మశాలీలు కొలిచే మార్కండేయుడి రథం కదులుతుంది, పేటలు పేటలే దాని వెంట నడుస్తాయి. యాత్రికులు రాఖీ సెలవుకు వేరే ఊళ్లకు వెళతారు.

ఊరి శివారు కుంభారిలో మరో వింత ఉంది. మాజీ ఎమ్మెల్యే, తెలుగువాడు నర్సయ్య ఆడం దశాబ్దాల పాటు పట్టుబట్టగా కార్మికులకు అక్కడ కాలనీలు లేచాయి. ఒక్క రే నగర్‌లోనే 2024 జనవరి 19న ప్రధాని 15,000 ఇళ్లు అప్పగించారు. కోటకంటే పెద్దదైనా ఆగి చూసే బస్సు లేదు. రాజులు కట్టినదైతేనే టికెట్టు పెట్టడం మన సంప్రదాయం.

సాయంత్రానికి పల్లీల కారప్పొడి, కరకరలాడే జొన్నరొట్టెలు కట్టించుకోవడంతో యాత్ర ముగుస్తుంది. సొంతూళ్లో అమ్మమ్మ పెడితే వద్దన్న రొట్టెకే ఇక్కడ ప్యాకెట్టు ధర. రాత్రి ఏసీ బస్సులో చలికి కొత్త దుప్పటి విప్పక తప్పదు. యాత్ర మొత్తం మీద యాత్రికుడితో ఎవరైనా తెలుగులో అన్నది ఒక్కటే మాట. అది ధర ఇంక తగ్గదని.