నూట ఇరవై ఇటుకలు

మా నాన్న నలభై ఏళ్ళు తాపీ పట్టాడు. ఊళ్ళో సగం మేడలు ఆయన చేతివే, మాకు మాత్రం ఒంటిగది ఇల్లు. ఆ మాట కుర్రతనంలో ఆయన మొహం మీదే అనేశాను కూడా. అలాంటి మనిషిని లండన్ రప్పించి, టేట్ మోడరన్‌కి తీసుకెళ్ళి, ఇటుకలు చూపించాను!

గదంతా ఖాళీ. నేల మీద పాలిపోయిన రంగు ఇటుకలు, జానెడు ఎత్తు కూడా లేవు. అమెరికా శిల్పి కార్ల్ ఆండ్రే 1966 నాటి రచన, ‘ఈక్వివలెంట్ 8’. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని ఒక చుట్టు తిరిగొచ్చాడు.

"ఇటు ఆరు, అటు పది, రెండు వరసలు. నూట ఇరవై. బాయిలర్లలో వేసే రకం. మాలు పెట్టలేదేంరా?"

పెట్టకపోవడమే ఆయన పద్ధతని చెప్పాను. ఇలాంటివి ఎనిమిది పేర్చాడనీ, అన్నిటికీ 120 ఇటుకలేననీ, ఆకారం మారితే చుట్టూ ఉన్న చోటూ మారిపోతుందనీ, ఇటుకలతో పాటు ఆ ఖాళీనీ చూడాలనీ ఏదో తడబడుతూ చెప్పుకొచ్చాను.

"పునాదికి ముగ్గు పోసినట్టన్నమాట. ముగ్గు పోశాకేగా గది ఎంతుందో కంటికి ఆనేది" అన్నాడు నాన్న. నేను నాలుగు పుస్తకాలు చదివి తెలుసుకున్నది అంతే.

హుషారొచ్చి మిగతా కథా చెప్పాను. 1972లో టేట్ దీన్ని కొనడం, 1976లో ప్రజల సొమ్ము తగలేశారని పత్రికలు దుమ్మెత్తిపోయడం, ఎవరో వచ్చి నీలం రంగు గుమ్మరించడం. "అసలు తమాషా ఏంటంటే నాన్నా, మొదట న్యూయార్కులో పెట్టినప్పుడు ఎవరూ కొనలేదు. ఆ ఇటుకలు వాపసిచ్చేసి డబ్బులు తెచ్చుకున్నాడు! టేట్ అడిగేసరికి ఆ బట్టీయే మూతపడింది. ఇవి వేరే ఇటుకలు."

నేనొక్కణ్ణే నవ్వాను.

"వాపసంటే పూర్తి ధర ఇవ్వరురా. నాకూ తగ్గించే ఇచ్చాడు."

"నీకా?"

"రెండో గదికని దొడ్లో దింపించాను కదా. రెండు ట్రాక్టర్లు."

ఆ ఇటుకల గుట్ట మీదెక్కి గాలిపటాలు ఎగరేసినవాణ్ణే. కాలేజీలో చేరి దసరా సెలవులకి వచ్చేసరికి గుట్ట లేదు. అక్కడ పాలిపోయిన గడ్డి, నలుపలకలుగా.

"ఎందుకిచ్చేశావ్?"

నాన్న ఇటుకల మీంచి చూపు తిప్పలేదు.

"నీ మొదటి ఏడు ఫీజు."